జైలు గదిలో కలిసిన స్నేహం



స్నేహాలు చెడడానికి మనకు తెలిసిన కారణాలు చాలానే ఉన్నాయి. చేబదులు తీసుకుని తిరిగి ఇవ్వకపోవడం, పిల్లల తగువు పెద్దవాళ్ల దాకా రావడం, పెళ్లిసంబంధం దగ్గర మాట తేడా రావడం. ఇవాళ నేను చెప్పబోయేది వీటికి చాలా దూరంగా, అమెరికాలో జరిగింది. మత్తుమందుల వ్యాపారంలో పొత్తు కలిసిన ఇద్దరి సంగతి. ఇందులో విమానాలూ, తుపాకులూ, నోట్ల కట్టలూ కావలసినన్ని ఉన్నాయి. వాటిని సినిమావాళ్లు చూపించేశారు. ఒకే గదిలో పడుకుని లేచినవాళ్లలో ఒకడు రెండోవాడి మీద కోర్టులో సాక్ష్యం చెప్పేదాకా ఎందుకు వచ్చిందన్నదే మనం ఆలోచించవలసింది.

ఒకడి పేరు జార్జ్ జంగ్. 1942లో పుట్టాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వేమౌత్ అనే ఊళ్లో, సామాన్య కుటుంబంలో పెరిగాడు. కాలిఫోర్నియా చేరి, మెక్సికో నుంచి చిన్న విమానాల్లో గంజాయి తెప్పించడం మొదలుపెట్టాడు. 1974లో షికాగోలో సుమారు 300 కిలోల గంజాయితో పట్టుబడ్డాడు. ఎలా పట్టుబడ్డాడంటారా? ఆ సరుకు తీసుకోవలసిన మనిషి అంతకుముందే వేరే కేసులో దొరికిపోయి, తన శిక్ష తగ్గించుకోవడానికి ఇతని పేరు చెప్పేశాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

జంగ్‌ను కనెక్టికట్ రాష్ట్రంలో డాన్‌బరీ జైలుకు పంపారు. అదే గదిలో ఉన్నవాడు కార్లోస్ లేడర్. తండ్రి జర్మన్ ఇంజనీరు, తల్లి కొలంబియా దేశస్థురాలు. వయసు పాతికేళ్లు, దొంగ కార్ల కేసులో శిక్ష పడింది. ఒకడికి విమానాల సంగతి తెలుసు: రాడార్‌కు దొరకకుండా కిందుగా ఎగరడం, ఎండిపోయిన చెరువుల్లో దిగడం. రెండోవాడికి కొలంబియా తెలుసు, అక్కడి కోకైన్ తెలుసు. అప్పటిదాకా కోకైన్ మనుషుల సూట్‌కేసుల్లో కొద్దికొద్దిగా వచ్చేది. గంజాయి బోలెడంత చోటు ఆక్రమిస్తుంది; కోకైన్ కొంచెంలోనే ఎంతో డబ్బు. దాన్ని విమానంలో తెస్తే? జైలు గదిలో నెలల తరబడి ఇదే మాట, ఇవే లెక్కలు.

శిక్ష అయ్యాక లేడర్‌ను కొలంబియాకు పంపేశారు. జంగ్ కూడా విడుదలయ్యాడు. ఆరంభంలో సరుకును ఆడవాళ్ల చేత సూట్‌కేసుల్లో తెప్పించారు. పట్టుబడితే జైలు వాళ్లకు, లాభం వీళ్లకు! తరవాత విమానాలు వచ్చాయి. మెడెలిన్ నగరంలో పాబ్లో ఎస్కోబార్ వంటివాళ్లతో సంబంధాలు కలిశాయి. డబ్బు వచ్చిపడింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన చీటీల సంగతి అనుకుందాం. వీధిలో పదిమంది ఆడవాళ్లం చీటీ వేసుకుంటాం. మొదటి నెలలోనే పాడుకున్నావిడ తరవాత వాయిదాలు ఎగ్గొడితే ఏమవుతుంది? నలుగురూ వెళ్లి అడుగుతారు, వాళ్లింటి పెద్దలకు చెబుతారు, ఆవిడ మళ్లీ ఆ వీధిలో తలెత్తుకు తిరగలేదు. రిజిస్టరు చేసిన చీటీ అయితే చిట్ల రిజిస్ట్రారు దగ్గరికే వెళ్లొచ్చు. మన నమ్మకం వెనకాల ఇంత కాపలా ఉంది. రోజూ కనపడదు కాబట్టి మనకు తోచదు. దొంగవ్యాపారంలో ఈ కాపలా ఒక్కటీ లేదు. వాటా ఇంతని కాగితం రాసుకోలేరు, ఎగ్గొడితే కోర్టుకు వెళ్లలేరు. దుకాణానికి బోర్డు కట్టలేరు. మరి వాళ్ల ఆస్తి ఏమిటండీ? ఎవరికి ఎవరు తెలుసన్నదే! జంగ్ ఆస్తి కాలిఫోర్నియాలో సరుకంతా కొని అమ్మిపెట్టే ఒక మనిషి. ఆయన పైకి జుట్టు కత్తిరించే సెలూను నడుపుకునేవాడు. ఆ మనిషి ఎవరన్నది లేడర్‌కు తెలియనన్నాళ్లే జంగ్‌తో అవసరం.

లేడర్ ఆ మనిషిని తెలుసుకున్నాడు. తిన్నగా అతనితోనే బేరం కుదుర్చుకున్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటాం చూడండి, అదే. 1978 నుంచి అతను బహామా దీవుల్లో నార్మన్స్ కే అనే చిన్న దీవిలో స్థలాలు కొనడం మొదలుపెట్టాడు. అక్కడ ఉన్నవాళ్లను బెదరగొట్టి పంపేశాడు. సుమారు కిలోమీటరు పొడవున విమానాల బాట, దానికి కాపలావాళ్లూ, కుక్కలూ. ఆ దీవిలో జంగ్‌కు చోటు లేదు. ఒక గదిలో ఇద్దరు ఇరుకున సర్దుకున్నారు గానీ, ఒక దీవిలో సర్దుకోలేకపోయారు.

లేడర్ ఆశ అక్కడితో ఆగలేదు. 1983లో కొలంబియాలో సొంతంగా రాజకీయ పార్టీ పెట్టాడు. దొంగరవాణా చేసేవాడు చీకట్లో ఉండాలి గానీ, సభలెక్కి ఉపన్యాసాలిస్తే ఎలా? 1987 ఫిబ్రవరి 4న మెడెలిన్ దగ్గర పట్టుకుని, వెంటనే విమానమెక్కించి అమెరికాకు అప్పగించారు. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో విచారణ జరిగింది. సాక్షుల్లో జార్జ్ జంగ్ ఒకడు!

అప్రూవర్ అనే మాట మీరు పేపర్లో చూసే ఉంటారు. నేరంలో పాలున్నవాడే జరిగింది చెప్పేసి క్షమాభిక్ష పొందడం. అమెరికాలో ఇలా సాక్ష్యం చెప్పినవాళ్లకు శిక్ష తగ్గించే పద్ధతి బాగా నడుస్తుంది. దాంతో ఏమవుతుందంటే, స్నేహితుడి గురించి తెలిసిన ప్రతి రహస్యానికీ ఒక ధర ఏర్పడుతుంది. ఎంత దగ్గరివాడైతే అంత ధర. డాన్‌బరీ గదిలో రాత్రిళ్లు చెప్పుకున్న కబుర్లే కోర్టులో సాక్ష్యానికి పనికొచ్చాయి. ప్రభుత్వాన్ని తప్పు పట్టనక్కరలేదు. అలా అయితే గాని ఇలాంటివాళ్లు దొరకరు. జంగ్‌ను మెచ్చుకోవాలని మాత్రం నాకనిపించదు. అతన్ని మోసం చేయకపోయి ఉంటే నోరు విప్పేవాడా?

1988లో లేడర్‌కు యావజ్జీవం, దానిపైన 135 ఏళ్లు శిక్ష పడింది. తరవాత అతనూ అదే దారి పట్టాడు. పనామా దేశాన్ని ఏలిన నొరియేగా మీద సాక్ష్యం చెప్పి, శిక్షను 55 ఏళ్లకు తగ్గించుకున్నాడు. జంగ్ బయటపడ్డాడే గానీ బుద్ధి మార్చుకోలేదు. 1994లో మళ్లీ పెద్ద ఎత్తున గంజాయితో దొరికి, ఇరవయ్యేళ్లు లోపలే ఉన్నాడు. అతనికి ఒక కూతురుంది. తండ్రి ఇంటికి తిరిగొచ్చేసరికి ఆ పిల్ల బాల్యం ఎప్పుడో గడిచిపోయింది. 2001లో ఇతని జీవితం మీద ‘బ్లో’ అనే సినిమా వచ్చింది. అందులో లేడర్ పాత్రకు పేరు మార్చారు. 2014లో జంగ్ విడుదలయ్యాడు. 2021 మే 5న, తాను పెరిగిన వేమౌత్‌లోనే కన్నుమూశాడు.

లేడర్ 33 ఏళ్లు జైల్లో గడిపి, 2020లో తండ్రి దేశమైన జర్మనీకి వెళ్లాడు. 2025 మార్చి నెలాఖరులో, డెబ్బై అయిదేళ్ల వయసులో, కొలంబియా రాజధాని బొగోటాలో విమానం దిగాడు. పాత శిక్ష ఒకటి మిగిలి ఉందని విమానాశ్రయంలోనే పట్టుకున్నారు. దాని గడువు ఎప్పుడో దాటిపోయిందని తేల్చి, కొద్ది రోజుల్లో వదిలేశారు.