కుంగిన ఇల్లు కొనవచ్చునా?

నల్లరేగడి చేలు వేసవిలో నెర్రెలు విచ్చడం మన రైతు ఎరిగినదే. లండన్ నగరం క్రింది బంకమన్ను స్వభావమూ అటువంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. 1976 నాటి అనావృష్టిలో దక్షిణ ఇంగ్లండులో వేలాది ఇళ్ళ గోడలు బీటలు వారాయి. చేరువలో ఓక్, విల్లో వంటి వృక్షాలుంటే ముప్పు మరింత అధికం. అట్లని తొందరపడి చెట్టు కొట్టివేస్తే, ఎండిన మన్ను మళ్ళీ నీరు పీల్చి పునాదినే పైకెత్తవచ్చు!

ఇటువంటి ఇల్లు చౌకగా వస్తున్నదంటే ఆశ సహజం. పూడ్చిన పగులు కంటె ముందు చూడవలసినది బీమా. బ్రిటనులో 1971 నుండి గృహబీమా కుంగుబాటుకు వర్తిస్తున్నా, ఒకసారి కుంగిన ఇంటిని క్రొత్త కంపెనీలు సులువుగా చేరదీయవు. బీమా లేని ఇంటిపై అప్పు పుట్టడమూ కష్టమే. కుంగుబాటుకు కారణమేమిటో, అది తొలగినదో లేదో ఇంజనీరు నివేదికలో చూడాలి. పాత కంపెనీయే క్రొత్త యజమానికీ బీమా కొనసాగిస్తుందని వ్రాతపూర్వకంగా తెలిసిన పిమ్మటనే ఒప్పందంపై సంతకం చేయాలి.