దింటెన తీగె పెంపకము

వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన దినమున పిల్లలను తోడుకొని వచ్చు తల్లిదండ్రులు మన తోటకంచెను చూచి ప్రతియేటను ఒకే ప్రశ్న వేయుచుందురు: “అయ్యగారూ, సెలవులలో ఈ తీగెకు నీళ్లు ఎవరు పోసిరి?” ఎవరును పోయలేదు. ఏప్రిలు మాసమునకే బావి అడుగంటును. పోయుటకు బాలురును ఉండరు. త్రాగునీటికే కటకట పడు దినములలో పూలమొక్కలకు బిందెడు నీరు కావలెనని అడుగుటకు నాకు నోరు రాదు. కావున ఏడాది పొడవునను పచ్చగానుండి, పెక్కేండ్లు బ్రతికి, కంటికింపైన నీలిపువ్వులు పూయుచు, వేసవిలో మన దయకై ఎదురుచూడని మొక్క ఏదియని వెదకి, చివరకు మన చెల్కల గట్లమీద కానవచ్చు దింటెననే తెచ్చి నాటితిమి.

దీనినే శంఖుపువ్వు అనియు, సంస్కృతమున గిరికర్ణిక, అపరాజిత అనియు అందురు. మన తరగతులలోని మరాఠీ బాలురు గోకర్ణ అని పిలుతురు. అపరాజిత యనగా ఓటమి నెఱుగనిది. మన ఊరి ఎండలో దీనిని చూచినవారు ఆ పేరు తగదనరు. లిన్నేయసు పండితుడు 1753వ సంవత్సరమున దీనికి పెట్టిన శాస్త్రనామములోని రెండవ పదము ‘టెర్నేషియా’. అది ఇండోనేషియా దీవులలోని టెర్నేటు అను చిన్న ద్వీపము పేరినుండి వచ్చినది.

ఎనిమిదవ తరగతి బాలుడొకడు, పువ్వుతో పాటు ఆకును నీలముగానుండు మొక్క లేదాయని అడిగెను. మంచి ప్రశ్నయే. రైలుకట్టల వెంబడి కనబడు కిత్తనార మట్టలు నీలి బూడిదవన్నెగా నుండును. అది ఆకుపైనున్న మైనపు పూతవలన కలిగిన వన్నె, ఆ పూత ఆకులోని తేమను ఎండకు పోనీయదు. కాని దాని పువ్వు నీలము కాదు, జీవితమున ఒక్కమారే పూచి ఆ మొక్క చచ్చును. నీలిమందు మొక్క వింత ఇంకొకటి: రంగంతయు ఆకులో దాగియుండును, పైకి మాత్రము ఆకు పచ్చన, పువ్వు గులాబివన్నె. దింటెనకు ఆకు పచ్చనిదే. పువ్వు నీలిమ చాలునని మేము తృప్తిపడితిమి.

మన జహీరాబాదు నేలలో రెండు విధములు గలవు. పల్లమున నల్లరేగడి, మెట్టమీద ఎఱ్ఱని మొరము. ఈ ఎఱ్ఱరాతికి లాటరైటు అను పేరు పెట్టినవాడు బుకానను అను స్కాట్లండు దేశపు వైద్యుడు. 1807లో అచ్చయిన తన గ్రంథమున మలబారు దేశములోని రాతిని చూచి ఆ పేరు వ్రాసెను. ఇనుము తుప్పు నిండిన ఈ మంటిలో నీరు నిలువదు, సారమును తక్కువ. సుకుమారమైన పూలమొక్కలకు ఇది శిక్ష. దింటెనకు మాత్రము నీరు నిలువకుండుటయే మేలు. రేగడిలో వానకాలమున నీరు నిలిచినచోట దీని వేరు కుళ్లును.

మొదటియేడు నేను తప్పుచేసితిని. విత్తనములను తెచ్చినవి తెచ్చినట్లే చల్లితిని. మూడు వారములు చూచినను అక్కడక్కడ నాలుగైదు తప్ప మొలవలేదు. గింజపై పెంకు అంత గట్టిది. నీరు లోనికి పోనిదే మొలక లేదు. మఱుసటియేడు గింజలను గరుకురాతిమీద మెల్లగా రుద్ది, చేయి పెట్టనోపునంత వేడినీటిలో వేసి, రాత్రియంతయు నాననిచ్చితిమి. ఉబ్బిన గింజలను మృగశిర కార్తె వాన పడిన పిమ్మట అంగుళము లోతున నాటగా, పదిదినములలో వరుస వరుసయు మొలచెను. గుంటకు గంపెడు పెంట ఎఱువు, పిడికెడు ఎముకలపొడి కలిపిన చాలును. ప్రాకుటకు కంచెయో, ఎండుకొమ్మయో ఉండవలెను. రెండు నెలలు తిరుగకుండ పూత కనబడును.

రెండవ తప్పు నాది కాదు, బాలుర అత్యుత్సాహము. అయినను వారించనివాడను నేనే. అనుదినము సాయంకాలము చెంబెడు చెంబెడు నీరు చల్లిరి. తీగె ఏపుగా పెరిగెను. సెలవులలో ఆ నీరు నిలిచిపోగానే మాడిపోయెను. త్రవ్వి చూడగా వేళ్లన్నియు పైమంటిలోనే అల్లుకొనియున్నవి. పైననే తడి దొరకుచుండగా వేరు లోనికి ఏల పోవును? అప్పటినుండి వానలు తగ్గిన పిదప పదునైదు దినములకొకమారు కుండెడు నీరు మొదట నిలువబోసి, మరల తడి ఆరువఱకు ముట్టము. శీతకాలము గడచునప్పటికి వేరు లోతునకు దిగును. ఫిబ్రవరిలో తీగెను మూడవవంతు కత్తిరించి, మొదట ఎండుటాకులు కప్పుదుము. ముదురుటెండలో కొన్ని ఆకులు రాలును, పూత తగ్గును, వేరు చావదు. మొదటి వానకు మరల చిగుర్చును.

ఇది చిక్కుడు, కంది కుటుంబములోనిది. లేతమొక్కను మెల్లగా పెకలించి వేళ్లను చూడుడు. చిన్న చిన్న బుడిపెలు కానవచ్చును. గోటితో చీల్చిన లోపల గులాబివన్నె యున్నచో, అందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఎఱువుగా నిచ్చుచున్నవని ఎఱుగవలెను. పువ్వును సయితము పరిశీలింపదగినదే. బఠాణి పువ్వులో పెద్దఱేకు పైకి నిలిచియుండును; దింటెనలో పువ్వు తలక్రిందై ఆ ఱేకు తేనెటీగకు వాకిలి గడపవలె క్రిందుండును. అందుచే పుప్పొడి ఈగ పొట్టకు గాక వీపునకు అంటును.

పది పువ్వులను లోటాడు వేడినీటిలో వేయుడు. నీరు నీలమగును. నిమ్మరసము పిండిన ఊదారంగు, తినుసోడా వేసిన ఆకుపచ్చ కలిసిన నీలము, సున్నపు తేట పోసిన పచ్చదనము వచ్చును. ఆ నీలినీటిలో తెల్లకాగితపు ముక్కలు ముంచి నీడన ఆరవేసి, లిట్మసు కాగితములకు మారుగా మా తరగతిలో వాడుచున్నాము. మలయా దేశస్థులు ఈ పువ్వుతో అన్నమునకు రంగు వేయుదురు. అమెరికా ప్రభుత్వము 2021లో దీని రంగును ఆహారపదార్థములలో వాడుటకు అనుమతించెను. కాని గింజలును వేరును విరేచనకారులు. చిన్నపిల్లలు నోట పెట్టకుండ చూడవలెను.

ఆకు పశువులకు మంచి మేత. ఈ సంగతి మేకలకు మనకన్న ముందే తెలియును. లేతమొక్కల చుట్టు ముండ్లకంప తప్పదు.

దేవాలయములలో పూజకు వాడు పువ్వు మన ఆవరణములో ఏలయని ఒక పెద్దాయన అడిగిరి. దానిని సృజించినవాని ఆవరణములోనే నాటితిమని మనవి చేసితిని. ఆయన నవ్వి, రెండు కాయలు కోసి జేబులో వేసికొని పోయిరి.

కాయలు పూర్తిగ ఎండువఱకు ఆగరాదు, చిట్లి గింజలు దూరముగా పడును. గోధుమవన్నెకు తిరుగగానే కోసి కాగితపు సంచిలో ఉంచవలెను. ఈ యేటి గింజలు శాస్త్రపు గదిలోని బీరువాలో సీసాలో భద్రముగా నున్నవి. కావలసిన తల్లిదండ్రులు మృగశిరకు ముందుగా పిల్లలచేత కబురంపినచో ఇంటికి ఇరువది చొప్పున ఇయ్యబడును.