బండిలో ఫ్రిజ్‌.. బ్యాటరీకి పరీక్ష
రెండో బ్యాటరీ పెడితే చాలదు.. పూర్తి చార్జింగ్‌ అందితేనే ఫలితం

అనంతపురం: పల్లెలకు పాలు, పెరుగు, ఐస్‌క్రీం తీసుకెళ్లే చిన్న వాహనాల్లోనూ, మూగజీవాలకు టీకాలు మోసుకెళ్లే వాహనాల్లోనూ, దూర ప్రయాణాలు చేసే కుటుంబాల కార్లలోనూ 12 వోల్టుల చిన్న ఫ్రిజ్‌లు చోటు చేసుకుంటున్నాయి. ఇంజిన్‌ ఆపినా ఫ్రిజ్‌ ఆగకూడదన్న ఉద్దేశంతో కొందరు రెండో బ్యాటరీని అమర్చుకుంటున్నారు. వేలు వెచ్చించి కొన్న ఆ బ్యాటరీ ఏడాది తిరగకముందే మూలన పడితే నేరం ఫ్రిజ్‌పైకో, బ్యాటరీ నాణ్యతపైకో నెట్టడం పరిపాటి. చాలా సందర్భాల్లో అసలు కారణం వేరు. వాడుకున్న విద్యుత్తును ఏ రోజుకారోజు తిరిగి నింపకపోవడమే బ్యాటరీ పాలిట శాపమవుతోంది.

దీనివల్ల కలిగే నష్టం బ్యాటరీ ధరతో ఆగదు. పెరుగు పులిస్తే వాసనతో తెలుస్తుంది. టీకా మందు పాడైతే చూపుకు తెలియదు. గాలికుంటు వ్యాధి టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్‌ మధ్య భద్రపరచాలి. వేడెక్కినా, గడ్డకట్టినా అది శక్తిని కోల్పోతుంది. అటువంటి మందు వేసిన పశువుకు రక్షణ ఉండదు. ఆ సంగతి రోగం సోకిన తర్వాతే రైతుకు తెలుస్తుంది. మధుమేహ రోగులు దాచుకునే, ఇంకా తెరవని ఇన్సులిన్‌కూ ఇదే ఉష్ణోగ్రత అవసరం.

పేరొకటే.. పని వేరు
బండితో పాటు వచ్చే బ్యాటరీ ఇంజిన్‌ను స్టార్ట్‌ చేయడానికి ఉద్దేశించినది. అందులోని పలుచని ప్లేట్లు కొద్ది సెకన్లపాటు భారీగా కరెంటు ఇస్తాయి. గంటల తరబడి కొద్దికొద్దిగా ఇచ్చే పనికి అవి తగవు. దానికే ఫ్రిజ్‌ను తగిలిస్తే తెల్లవారుజామున సెల్ఫ్‌ కొట్టినా బండి కదలదు. అందుకే ఫ్రిజ్‌కు మందపు ప్లేట్లు గల మరో బ్యాటరీ కావాలి. ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్‌ బ్యాటరీ ఈ కోవలోనిదే. అయితే అది బరువెక్కువ, కుదుపులకు ఆసిడ్‌ చిందే ప్రమాదమూ ఉంది. వాహనాలకు సీల్డ్‌ రకం మేలు.

లెక్క తప్పితే నష్టం
సుమారు 40 లీటర్ల కంప్రెసర్‌ ఫ్రిజ్‌ నడిచేటప్పుడు దాదాపు 4 యాంపియర్ల కరెంటు తీసుకుంటుందనుకుందాం. వేసవిలో అది రోజులో సగం సమయం నడుస్తుంది. అంటే 12 గంటలకు 48 యాంపియర్‌ అవర్లు ఖర్చవుతాయి. 100 యాంపియర్‌ అవర్ల లెడ్‌ ఆసిడ్‌ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగానికి మించి వాడరాదు. కాబట్టి ఒక్క రోజుకే దాని హద్దు ముగుస్తుంది.

ఇక రాబడి చూద్దాం. ఊరూరా ఆగుతూ 30 కిలోమీటర్లు తిరిగే బండిలో ఇంజిన్‌ నడిచేది గంటన్నరకు మించదు. సగటున 15 యాంపియర్ల చొప్పున చార్జింగ్‌ అందినా వచ్చేది సుమారు 22 యాంపియర్‌ అవర్లే. అందులోనూ కొంత వృథా పోగా 20 మిగులుతుంది. ఖర్చు 48, జమ 20. రోజుకు 28 చొప్పున లోటు పెరుగుతూ పోతుంది. రెండో రోజు రాత్రికి బ్యాటరీ సగానికి పైగా ఖాళీ అవుతుంది. నాలుగో రోజుకు పూర్తిగా అడుగంటుతుంది. బ్యాటరీ కొత్తదైనా, ఫ్రిజ్‌ మంచిదైనా ఈ లెక్క మారదు.

సగం చార్జింగ్‌తో రోజుల తరబడి ఉండిపోయిన బ్యాటరీలో ప్లేట్లపై లెడ్‌ సల్ఫేట్‌ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత చార్జింగ్‌ పెట్టినా మునుపటి సామర్థ్యం రాదు. పైగా లెడ్‌ ఆసిడ్‌ బ్యాటరీ మొదటి 80 శాతం వేగంగా నిండినా, చివరి 20 శాతానికి గంటల సమయం తీసుకుంటుంది. కొద్దిపాటి ప్రయాణాలతో ఆ చివరి భాగం ఎన్నడూ నిండదు.

తీగ సన్నమైతే అంతే
ముందున్న ఇంజిన్‌ నుంచి వెనుకనున్న బ్యాటరీకి 5 మీటర్ల దూరం ఉంటే, రాను పోను 10 మీటర్ల తీగ పడుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 20 యాంపియర్లు పారితే దాదాపు 1.4 వోల్టులు దారిలోనే తరిగిపోతాయి. ఆల్టర్నేటర్‌ 14.2 వోల్టులు ఇచ్చినా బ్యాటరీకి చేరేది 12.8 మాత్రమే. అంతటితో బ్యాటరీ నిండదు. అదే 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే తరుగుదల పావు వోల్టు లోపే. తీగకు పెట్టే ఖర్చు బ్యాటరీ ఆయుష్షుగా తిరిగి వస్తుంది. తీగ రెండు చివర్లా, బ్యాటరీలకు చేరువలో ఫ్యూజులు ఉండాలి. లేకుంటే ఎక్కడైనా తీగ ఒరిసిపోయి షార్ట్‌ అయితే బండికి నిప్పంటుకునే ప్రమాదముంది.

రెండు బ్యాటరీల నడుమ ఐసోలేటర్‌ రిలే తప్పనిసరి. ఇంజిన్‌ నడిచి వోల్టేజి పెరిగినప్పుడు ఇది రెండింటినీ కలుపుతుంది, ఇంజిన్‌ ఆగి వోల్టేజి తగ్గితే విడదీస్తుంది. కొత్త వాహనాలు కొన్నింటిలో, ముఖ్యంగా 2020 ఏప్రిల్‌ నుంచి అమలైన బీఎస్‌-6 ప్రమాణాల తర్వాత వచ్చిన వాటిలో, ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్‌ వోల్టేజిని కంప్యూటరే తగ్గిస్తుంది. అటువంటి బండ్లకు రిలే చాలదు. వచ్చిన వోల్టేజిని పెంచి బ్యాటరీకి తగినట్లు అందించే డీసీ-డీసీ చార్జర్‌ అవసరం.

రాత్రి చార్జింగే ఉత్తమం
రోజూ ఇంటికి చేరే వ్యాపారికి అన్నింటికన్నా చౌకైన మార్గం ఇంటి కరెంటే. 10 యాంపియర్ల ఆటోమేటిక్‌ చార్జర్‌ను రాత్రి తగిలిస్తే తెల్లవారేసరికి పగటి లోటు పూడుతుంది. చివరి 20 శాతం నిండేందుకు కావలసిన వ్యవధీ దొరుకుతుంది. చార్జింగ్‌ సమయంలో హైడ్రోజన్‌ వాయువు వెలువడే అవకాశమున్నందున గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా ఈ పని చేయాలి.

రోజుల తరబడి ఇల్లు చేరని వారికి సౌరఫలకం ఆసరా అవుతుంది. బండి పైకప్పు మీద పరిచిన 100 వాట్ల ఫలకం మంచి ఎండ కాసిన రోజున 25 నుంచి 30 యాంపియర్‌ అవర్లు ఇస్తుంది. పై లెక్కలోని 28 లోటుకు ఇది ఇంచుమించు సరిపోతుంది. అయితే బండిని చెట్టు నీడన నిలిపితే ఫలకం పనిచేయదు, ఎండన నిలిపితే ఫ్రిజ్‌ ఎక్కువసేపు నడుస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లోనూ దీనిపై పూర్తిగా ఆధారపడలేము. నడుమ చార్జ్‌ కంట్రోలర్‌ ఉండాలి.

లిథియం ఐరన్‌ ఫాస్ఫేట్‌ బ్యాటరీలు తేలికైనవి. వాటి సామర్థ్యంలో 80 శాతం వరకు వాడుకోవచ్చు. ధర మాత్రం ఎక్కువ. వీటిని నేరుగా ఆల్టర్నేటర్‌కు కలిపితే ఒక్కసారిగా అధిక కరెంటు లాగి ఆల్టర్నేటర్‌ వేడెక్కుతుంది. వీటికీ డీసీ-డీసీ చార్జర్‌ ఉండాల్సిందే. ఏ రకమైనా ఇంజిన్‌ పక్కన పెట్టకపోవడం మంచిది. వేడి పెరిగేకొద్దీ బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది.

ఇవి మరవొద్దు
* కొన్ని గంటలపాటు ఫ్రిజ్‌, చార్జర్‌ ఆపి ఉంచాక మల్టీమీటర్‌తో చూడాలి. లెడ్‌ ఆసిడ్‌ బ్యాటరీలో 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్లు. 12.1కి దిగితే దాదాపు సగం అయిపోయినట్లు. 11.8 అంటే ఖాళీ అయినట్లే.
* ఫ్రిజ్‌లో తక్కువ వోల్టేజికి దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటే దానిని వాడుకోవాలి.
* సరుకును ఇంటి దగ్గరే చల్లబరిచి బండిలోని ఫ్రిజ్‌లో పెడితే బ్యాటరీపై భారం తగ్గుతుంది. మూతను మాటిమాటికీ తెరవరాదు.
* కంప్రెసర్‌ లేని చౌక రకం కూలర్‌లు ఆగకుండా కరెంటు తీసుకుంటాయి. మండు వేసవిలో టీకాలకు, ఇన్సులిన్‌కు ఇవి పనికిరావు.
* టీకాలున్న చోట థర్మామీటరు తప్పనిసరి. ఫ్రిజ్‌ దీపం వెలిగినంత మాత్రాన లోపల చల్లగా ఉన్నట్లు కాదు.

బ్యాటరీ కొనేముందు దుకాణదారుని ధర ఒక్కటే అడిగితే చాలదు. ఫ్రిజ్‌ రోజుకు ఎంత వాడుతుంది, బండి రోజుకు ఎంతసేపు నడుస్తుంది, మిగిలిన లోటు ఎక్కడి నుంచి పూడుతుంది? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాసుకున్న తర్వాతే డబ్బు చెల్లించడం శ్రేయస్కరం.