మీకు తెలుసా? కోర్సుకిచ్చే ప్రతి లోనూ విద్యారుణం కాదు

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ శిక్షణ సంస్థ మెట్లెక్కినా ఇదే మాట వినిపిస్తుంది: ‘‘ఫీజు గురించి మీరు దిగులు పడకండి, లోన్ మేం చేయిస్తాం.’’ ఆధార్, పాన్, ఒక ఓటీపీ. టీ తాగేలోగా పని అయిపోతుంది. అలా చేయించే లోన్లలో చాలావరకు విద్యారుణాలు కావు, ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చే మామూలు వ్యక్తిగత రుణాలు. వాటి పేరులో చదువు ఉంటుంది గానీ షరతుల్లో ఉండదు.

ఆ తేడా మొదట కిస్తు దగ్గర బయటపడుతుంది. కౌన్సెలర్ చేయించిన లోన్‌కు సాధారణంగా వచ్చే నెల నుంచే ఈఎంఐ మొదలవుతుంది, ఉద్యోగం వచ్చినా రాకున్నా. భారతీయ బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం ఇచ్చే విద్యారుణంలో అయితే కోర్సు సాగినన్నాళ్లూ, ఆ తర్వాత మరో ఏడాదీ కిస్తు కట్టక్కర్లేదు. తీర్చడానికి 15 ఏళ్ల దాకా గడువు ఉంటుంది. కాకపోతే ఆగేది కిస్తు మాత్రమే, వడ్డీ ఆగదు. 10 శాతం మీద 4 లక్షలు తీసుకుంటే రెండేళ్లకు 80 వేలు పోగవుతుంది. ఈ కాలానికి వేసేది బారువడ్డీ కాబట్టి వడ్డీ మీద వడ్డీ పడదు. పోగైన మొత్తం మాత్రం కిస్తులు మొదలయ్యే రోజున అసలులో కలిసిపోతుంది. అందుకే చదువుకునే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కట్టేయగలిగితే మంచిది. అలా కట్టేవారికి కొన్ని బ్యాంకులు వడ్డీలో 1 శాతం దాకా తగ్గిస్తాయి.

‘12 శాతమేనండీ’ అన్నప్పుడు అది ఫ్లాట్ వడ్డీయా, తగ్గుతున్న బాకీ మీద వడ్డీయా అని అడుగుతున్నారా? లక్ష రూపాయలకు ఏడాదికి 12 శాతం ఫ్లాట్ అంటే నెలకు 9,333 రూపాయల చొప్పున 12 కిస్తులు. బాకీ నెలనెలా తరుగుతున్నా వడ్డీ మాత్రం మొత్తం లక్ష మీదే పడుతుంది. తగ్గుతున్న బాకీ లెక్కన చూస్తే అసలు రేటు దాదాపు 21.5 శాతం. దీని పక్కన, తగ్గుతున్న బాకీ మీద బ్యాంకు చెప్పే 11 శాతం లాంటి రేటు ఎంతో చవక. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నప్పుడు మరో ప్రశ్న వేయండి: ఒకేసారి రొక్కం కడితే ఫీజు ఎంత తగ్గిస్తారు? తగ్గించేది ఎంతో, మీరు కట్టబోయే వడ్డీ కూడా అంతే.

‘మాకు తనఖా పెట్టడానికి సెంటు భూమి కూడా లేదు, బ్యాంకు వాళ్లు ఇవ్వరు’ అనుకుని ఫైనాన్స్ కంపెనీల వైపు వెళ్లేవారు ఎందరో. నమూనా పథకంలో 4 లక్షల దాకా తనఖా అడగకూడదు, మన వాటాగా మార్జిన్ డబ్బు కూడా కట్టనక్కర్లేదు. కేంద్రం పెట్టిన రుణ హామీ నిధి కిందికి వస్తే 7.5 లక్షల దాకా తనఖా గానీ, మూడో మనిషి పూచీ గానీ అవసరం లేదు. అమ్మో నాన్నో సహరుణగ్రహీతగా సంతకం పెడితే చాలు.

మూడు నెలలో, ఆరు నెలలో సాగే నైపుణ్య శిక్షణకు వేరే పథకమే ఉంది. స్కిల్ లోన్ అంటారు. దీని గురించి శిక్షణ సంస్థల గోడల మీద పోస్టర్ కనబడటం అరుదు. 2015లో మొదలైనప్పుడు 5 వేల నుంచి లక్షన్నర వరకే ఇచ్చేవారు. 2024 జులైలో పరిమితిని 7.5 లక్షలకు పెంచారు. ఫైనాన్స్ కంపెనీలు, చిన్న ఫైనాన్స్ బ్యాంకులు కూడా దీని కింద ఇవ్వవచ్చన్నారు. దీనికీ తనఖా లేదు. అయితే కోర్సు గుర్తింపు ఉన్నదై ఉండాలి. ఐటీఐ, పాలిటెక్నిక్, జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ అనుబంధ కేంద్రాల వంటివి దీని కిందికి వస్తాయి. మీ కోర్సు స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో ఉందో లేదో ముందు వెతకండి. నన్నడిగితే, ఇందులో లేని కోర్సుకు లక్షలు అప్పు చేసే ముందు ఆ కోర్సునే మరోసారి అనుమానించడం మంచిది.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి రుణ పథకం గురించి వినే ఉంటారు. అది ర్యాంకుల్లో ముందున్న ఉన్నత విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారి కోసం. సందులోని కోచింగ్ సెంటర్‌కు వర్తించదు. పైలట్ శిక్షణ, నర్సింగ్ లాంటివాటికి మాత్రం మామూలు విద్యారుణమే దొరుకుతుంది, సంబంధిత నియంత్రణ సంస్థ ఆమోదం ఉంటే.

శిక్షణ సంస్థ మధ్యలో బోర్డు తిప్పేస్తే? లోన్ మాఫీ కాదు. ఒప్పందం మీకూ అప్పిచ్చిన కంపెనీకీ మధ్య. ఫీజు మొత్తం సాధారణంగా ముందే సంస్థ ఖాతాలో పడిపోయి ఉంటుంది. మీరు కిస్తులు ఆపితే దెబ్బ తగిలేది మీ సిబిల్ స్కోరుకే. కాబట్టి ఫీజు వాపసు షరతు కాగితం మీద చూపించమనండి. అలాగే 2024 అక్టోబరు నుంచి రిటైల్ రుణాలన్నిటికీ కీలక వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. వడ్డీ, ఛార్జీలు అన్నీ కలిపి ఏడాదికి పడే అసలు రేటు అందులో ఉంటుంది. యాప్ ద్వారా తీసుకున్న డిజిటల్ లోన్ అయితే, మనసు మార్చుకోవడానికి మొదట్లో కొద్ది గడువు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ గడువులో అసలు, అప్పటిదాకా పడిన వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడవచ్చు.

పన్ను మినహాయింపు మాటా చెప్పుకోవాలి. ఆదాయపు పన్ను చట్టం కింద విద్యారుణం వడ్డీకి 8 ఏళ్ల పాటు, గరిష్ఠ పరిమితి లేకుండా మినహాయింపు వచ్చేది పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే. అసలుకు రాదు. బంధువుల దగ్గర చేసిన అప్పుకూ రాదు.

బ్యాంకు కాదంటే ఎందుకు కాదో రాసి ఇవ్వమని అడగండి. రాసి ఇవ్వకపోతే ముందు ఆ బ్యాంకుకే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి రుసుమేమీ లేదు. వివరాలకు ఫోన్ నంబరు 14448.