గోడమీద పిల్లి, గోడకు పటం

మన ఊళ్లలో షాపుల బోర్డులు వరసగా చదువుకుంటూ పోతే ఇంగ్లీషు ప్రిపొజిషన్ల పాఠం సగం అక్కడే అయిపోతుంది. 'ఆపోజిట్ బస్టాండ్', 'బిసైడ్ పెట్రోల్ బంక్', 'బిహైండ్ రైతుబజార్', 'నియర్ క్లాక్ టవర్', 'అబౌ మెడికల్ షాప్'. ఇంగ్లీషు వ్యాకరణం ఎన్నడూ ముట్టనివారు కూడా ఆటో డ్రైవరుకు 'థియేటర్ ఆపోజిట్' అని చెప్పి చేరవలసిన చోటికి చేరతారు. అలాంటివారిని 'బస్సులో ఉన్నాను', 'గోడకు క్యాలెండర్ ఉంది', 'బస్టాప్ దగ్గర నిలబడ్డాను' అన్న మూడు చిన్న మాటలు ఇంగ్లీషులో చెప్పమంటే తడబడతారు. పొడుగాటి మాటలు నోటికి వచ్చి, రెండేసి అక్షరాల ఇన్, ఆన్, ఎట్‌ల దగ్గర కాలు జారడమేమిటి? తెలివి తక్కువై కాదు, శ్రద్ధ లేకా కాదు. 'ఇన్ అంటే లో, ఆన్ అంటే మీద, ఎట్ అంటే దగ్గర' అని మొదటి రోజే బల్లగుద్ది చెప్పే పద్ధతిలోనే ఆ జారుడు ఉంది. ఈ మూడు మాటలూ వస్తువు ఎక్కడుందో చెప్పడంతో ఊరుకోవు, మాట్లాడే మనిషి ఆ చోటును ఎలా చూస్తున్నాడో కూడా చెబుతాయి. ఆ చూపు నేర్చుకోకుండా అర్థం మాత్రం బట్టీపడితే ఎన్నేళ్లయినా తప్పులు పోవు.

బోర్డుల మీది మాటలు ఎందుకు సులువో ముందు చూద్దాం. వెనక, పక్కన, ఎదురుగా అన్నవి ఒక వస్తువుకు ఇంకొకటి ఏ వైపున ఉందో చెబుతాయి. ఆ సంగతి మనం చూసినా ఇంగ్లీషువాళ్లు చూసినా ఇంచుమించు ఒకటే. అందుకే 'బిహైండ్'కు 'వెనక', 'బిసైడ్'కు 'పక్కన' అని జత కట్టేస్తే చాలావరకు సరిపోతుంది. కాస్త చూసుకోవలసింది 'ముందు' విషయంలో. ఇంటి ముందు వేపచెట్టు, ఇంటి ముందు గుడి అని రెండింటికీ ఒకే మాట వాడేస్తాం. చెట్టు మన వాకిట్లోనే ఉంటే 'ఇన్ ఫ్రంట్ ఆఫ్', గుడి రోడ్డుకు అవతల ఉంటే 'ఆపోజిట్'. 'ఎదురింటివాళ్లు' అన్న మాట మనకు ఉండనే ఉంది కాబట్టి ఈ తేడా పట్టుకోవడం కష్టం కాదు. ఇక ఇంగ్లీషు మాట నామానికి ముందు వస్తుంది, మనది వెనక వస్తుంది. 'మంచం కింద' అన్నది 'అండర్ ది కాట్' అవుతుంది. పైగా మన విభక్తి వచ్చి చేరితే నామం రూపే మారిపోతుంది: ఇల్లు ఇంట్లో, ఊరు ఊళ్లో, నోరు నోట్లో. ఇంగ్లీషు నామానికి ఆ బాధ లేదు. ఈ తిరగేత కొన్నాళ్ల వాడకంతో అలవాటవుతుంది. చిక్కంతా ఆ మూడు చిన్న మాటలతోనే.

నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థలో 1992లో మెలిసా బవర్మన్, ఎరిక్ పెడర్సన్ అనే పరిశోధకులు 71 బొమ్మలు సిద్ధం చేశారు. బల్ల మీద కప్పు, వేలికి ఉంగరం, తీగ మీద ఆరేసిన బట్టలు, ఇలా అన్నీ రోజూ చూసేవే. ఒక్కో భాషవాళ్లకు ఆ బొమ్మలు చూపించి 'ఇది ఎక్కడుంది?' అని అడగడం పని. వాటిలోంచి ఆరు రకాలు తీసుకుందాం: బల్ల మీద కప్పు, కాలికి అంటించిన పట్టీ, గోడకు తగిలించిన పటం, తలుపుకు పిడి, కొమ్మకు పండు, గిన్నెలో పండు. ఇంగ్లీషు మొదటి అయిదింటికీ 'ఆన్' అంటుంది, ఆఖరిదానికి 'ఇన్'. స్పానిష్‌కు ఆరింటికీ 'ఎన్' అనే ఒక్క మాట చాలు. డచ్చివాళ్లకు మూడు మాటలు కావాలి: కప్పుకూ పట్టీకీ ఒకటి, పటానికీ పిడికీ కొమ్మనున్న పండుకూ ఇంకొకటి, గిన్నెలోదానికి మూడోది. ఇప్పుడు తెలుగు వాక్యాలను ఇంకోసారి చదవండి. బల్ల 'మీద', గోడ'కు', గిన్నె'లో'. మనమూ మూడుగానే కోస్తున్నాం, కాకపోతే కాలి పట్టీని కూడా 'కు' వైపే చేర్చాం. వస్తువులు అవే, వాటి మధ్య గీత గీసే చోటే భాషభాషకూ మారుతోంది. అలాంటప్పుడు ఒక భాష మాటకు ఇంకో భాష మాటను సరితూకంగా ఎలా పెట్టగలం?

'ఆన్ అంటే మీద' అన్న సూత్రం తప్పేది సరిగ్గా ఇక్కడే. మనం 'మీద' అనగానే పైన ఎక్కి కూర్చున్నది కళ్లకు కడుతుంది. గోడమీద పిల్లి అంటే గోడ అంచు మీది పిల్లి, ఏ పక్కకైనా దూకగల పిల్లి. క్యాలెండర్‌ను మాత్రం గోడకు తగిలిస్తాం. వేలికి ఉంగరం, తలుపుకు తాళం, గుమ్మానికి తోరణం, కాళ్లకు చెప్పులు, చెట్టుకు కాయలు, ఇలా అంటిపెట్టుకున్నవన్నీ మనకు 'కు'లో పడతాయి. ఇంగ్లీషు 'ఆన్' అడిగేది ఒక్కటే: ఆ వస్తువు ఒక తలానికి తాకి, దాని ఆధారంతో నిలిచి ఉందా లేదా? ఉంటే ఆ తలం కింద ఉన్నా, పక్కన ఉన్నా, నెత్తిన ఉన్నా ఒకటే. పిల్లి 'ఆన్ ది వాల్', క్యాలెండర్ 'ఆన్ ది వాల్', సీలింగుకు తలకిందులుగా పాకే బల్లి కూడా 'ఆన్ ది సీలింగ్'. తాకకపోతే 'ఆన్' రాదు. 'తల మీద ఫ్యాను తిరుగుతోంది' అని మనం హాయిగా అంటాం. దాన్ని 'ఆన్ మై హెడ్' అంటే ఫ్యాను నెత్తిమీదే పడిందన్నమాట. అక్కడ 'అబౌ' కానీ 'ఓవర్' కానీ రావాలి. చెట్టు దగ్గర సంగతి ఇంకా చిత్రం. చెట్టుకు కాయ అంటే 'ఆన్ ది ట్రీ', చెట్టు మీద పిట్ట అంటే 'ఇన్ ది ట్రీ'. కాయ కొమ్మను పట్టుకుని ఉంది, పిట్ట చుట్టూ ఆకులూ రెమ్మలూ గూడులా కమ్ముకుని ఉన్నాయి. కాయకూ పిట్టకూ తేడా ఉందని రెండు భాషలూ గుర్తించాయి. పిట్ట విషయంలో మన కంటికి ఆనింది ఎత్తు, వాళ్ల కంటికి ఆనింది గుబురు. ఆ పిట్టే ఒక్క కొమ్మ మీద కూర్చుందంటే మళ్లీ 'ఆన్ ది బ్రాంచ్'.

బస్సు, ఆటోల గొడవ కూడా ఇలాంటిదే. మనకు బస్సులో, రైల్లో, ఆటోలో, కార్లో, అన్నిటికీ 'లో'నే. ఇంగ్లీషులో బస్సు, రైలు, ఓడ, విమానం 'ఆన్' కిందికి వస్తాయి, కారు, ఆటో 'ఇన్' కిందికి. లేచి నిలబడి నాలుగడుగులు వేయగలిగితే అది కాలి కింద పరిచిన తలం, నడుం వంచి దూరి కూర్చోవలసి వస్తే అది డబ్బా. కొత్తగా నేర్చుకునేవారికి ఈ కొండగుర్తు బాగా పనికొస్తుంది. సైకిలు, గుర్రం మీద ఎక్కి కూర్చుంటాం కాబట్టి అవీ 'ఆన్'లోకే పోతాయి. తెలుగువారికి ఈ చూపు మరీ పరాయిదేమీ కాదు. మనం బస్సు 'ఎక్కుతాం', గుర్రం ఎక్కుతాం, చెట్టు ఎక్కుతాం. మన క్రియలో ఉన్న ఆ ఎక్కడం ఇంగ్లీషులో ప్రిపొజిషన్‌లోకి చేరింది, అంతే. ఆటో కూడా ఎక్కుతామే అంటారా? నిజమే, అక్కడ మన చూపూ వాళ్ల చూపూ విడిపోతాయి.

అసలైన పరీక్ష 'ఎట్' దగ్గర. రైలు కాజీపేటలో ఆగుతుంది, ఫలానావాళ్లు కాజీపేటలో ఉంటారు. తెలుగులో రెండుచోట్లా 'లో'. ఇంగ్లీషులో రైలు 'స్టాప్స్ ఎట్ కాజీపేట', మనుషులు 'లివ్ ఇన్ కాజీపేట'. ఊరు మారలేదు, చూసే దూరం మారింది. రైలు దారి ఒక గీత, ఆ గీత మీద కాజీపేట ఒక చుక్క. కాపురం ఉండేవారికి అదే కాజీపేట వీధులూ ఇళ్లూ ఉన్న చోటు, వాళ్లు దాని మధ్యలో ఉన్నారు. చోటును చుక్కలా చూస్తే ఎట్, తలంలా చూస్తే ఆన్, మనల్ని చుట్టుకున్నదానిలా చూస్తే ఇన్. బల్ల దగ్గర కూర్చుని రాసుకునే మనిషి 'ఎట్ ది టేబుల్', అతని పుస్తకం 'ఆన్ ది టేబుల్', పెన్ను సొరుగులో ఉంటే 'ఇన్ ది డ్రాయర్'. ఎట్‌కు 'దగ్గర' అని అర్థం చెప్పడంలో ఇంకో ఇబ్బంది ఉంది. మన 'దగ్గర' చాలా పనులు చేస్తుంది. 'డబ్బు నా దగ్గర ఉంది' అంటే చేతిలో ఉందని. దాన్ని 'నియర్ మీ' అంటే పక్కన ఎక్కడో పడి ఉందని అర్థం వస్తుంది. అయితే 'నాన్న పొలం దగ్గర ఉన్నాడు' అన్న మాట చూడండి. పొలానికి దగ్గరలో ఎక్కడో ఉన్నాడని కాదు, పొలంలో పనిమీద ఉన్నాడని. 'ఇంటి దగ్గర ఉన్నాను' అన్నదీ అంతే. అచ్చం ఎట్ చేసే పనే ఇది. తెలుగులో ఎట్ లేదనుకుంటాం గానీ, పూటకోసారి వాడుతూనే ఉన్నాం.

ఇంతదూరం దేనికి, దేశానికీ ఊరికీ ఇన్, రోడ్డుకు ఆన్, ఇంటి నంబరుకు ఎట్ అని పెద్దది మొదలు చిన్నదాకా ఒక త్రికోణం గీసి చూపిస్తే సరిపోదా అని అడిగేవారుంటారు. చిరునామా చెప్పడం వరకు ఆ త్రికోణం మంచి సాయమే. విజయవాడకు ఇన్, బందరు రోడ్డుకు ఆన్, తలుపు నంబరుకు ఎట్ పెట్టుకుంటే తప్పు రాదు. కానీ దాన్ని సైజుల సూత్రంగా నమ్ముకుంటే రెండో రోజే దెబ్బతింటాం. అరచేయంత జేబుకు 'ఇన్ ది పాకెట్' అంటారు. సుమారు 5,500 ఎకరాల్లో ఉన్న శంషాబాద్ విమానాశ్రయానికి 'ఎట్ ది ఎయిర్‌పోర్ట్' అంటారు. జేబు ఎంత చిన్నదైనా వస్తువును చుట్టేస్తుంది. ఎయిర్‌పోర్టు ఎంత పెద్దదైనా ప్రయాణికుడికి అదొక మజిలీ, కాజీపేట స్టేషన్ లాంటిదే. త్రికోణం పనిచేసేది ఈ చూపు వల్లే, చూపు తప్పినచోట అదీ తప్పుతుంది.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. ఇంగ్లీషువాళ్లలోనే ఒక్క మాట లేనప్పుడు ఇందులో తర్కం వెతకడమెందుకు, బట్టీపట్టడమే మేలు కదా అంటారు. అవును, వీధిని బ్రిటన్‌వాళ్లు 'ఇన్ ది స్ట్రీట్' అంటే అమెరికావాళ్లు 'ఆన్ ది స్ట్రీట్' అంటారు. క్యూలో నిలబడటాన్ని చాలామంది 'ఇన్ లైన్' అంటే న్యూయార్క్‌లో 'ఆన్ లైన్' అనే అలవాటు ఉంది. అంతెందుకు, పాత ఇంగ్లీషులో ఇప్పుడు 'ఇన్' వచ్చే చాలా చోట్ల 'ఆన్' మాటే నడిచింది. కానీ ఈ తేడాలు చూపు వాదాన్ని కూల్చవు, దానికే సాక్ష్యం చెబుతాయి. వీధి అంటే రెండు వరసల ఇళ్ల మధ్య ఉన్న సందు అనుకుంటే ఇన్ వస్తుంది, కాళ్ల కింది బాట అనుకుంటే ఆన్ వస్తుంది. వీధికి రెండు చూపులూ పొసుగుతాయి గనుకే ఇద్దరూ రెండు విధాలుగా అన్నారు. గిన్నెలో పండు దగ్గర అలాంటి తగువు లేదు. చూపుతో ఎంత లాగినా లొంగని వాడుకలు కొన్ని మిగులుతాయన్నదీ నిజమే. చిన్న పడవకు ఇన్, పెద్ద ఓడకు ఆన్ అంటే కారణం దొరుకుతుంది గానీ, పొలాన్ని 'ఇన్ ది ఫీల్డ్' అని, అదే పొలాలున్న కమతాన్ని 'ఆన్ ది ఫార్మ్' అని ఎందుకంటారో చెప్పడం కష్టం. అలాంటివాటిని సామెతను పట్టుకున్నట్టు మొత్తం మాటగా పట్టుకోవాలి. బట్టీపట్టక తప్పనివి నాలుగున్నాయని మిగిలిన తొంభైనీ బట్టీపట్టడం మాత్రం అనవసరమైన మోత.

భావం అర్థమైతే చాలు, ఈ చిన్న మాటలకు ఇంత రాద్ధాంతమా అనేవారికి కూడా సమాధానం చెప్పాలి. 'బుక్ ఇన్ ది టేబుల్' అన్నా వినేవాడు సర్దుకుంటాడు. అన్నిచోట్లా అలా సర్దుకోవడం కుదరదు. తెలుగులో 'ఆస్పత్రిలో ఉన్నాను' అనగానే అవతలివాళ్లు 'అయ్యో, ఏమైంది, నీకా, ఇంకెవరికైనానా?' అని అడుగుతారు, ఎందుకంటే మన 'లో' ఆ సంగతి తేల్చదు. ఇంగ్లీషు తేలుస్తుంది. 'ఇన్ హాస్పిటల్' అని బ్రిటన్‌లో, 'ఇన్ ది హాస్పిటల్' అని అమెరికాలో అంటే చేరి మంచాన ఉన్నట్టే అనుకుంటారు. ఎవరినో చూడటానికి వెళ్లినవారు 'ఎట్ ది హాస్పిటల్' అనాలి. డాలస్‌లోనో లండన్‌లోనో ఉద్యోగం చేసేవారు మేనేజరుకు పంపే రెండు ముక్కల మెసేజ్‌లో ఆ ఒక్క మాట మారితే మనిషి ఆరోగ్యమే మారిపోతుంది. పిల్లలు 'ఎట్ ది పూల్' అంటే ఒడ్డున ఉండవచ్చు, 'ఇన్ ది పూల్' అంటే నీళ్లలో ఉన్నారు.

మరి మొదలుపెట్టేవారు ఏం చేయాలి? పసిపిల్లలు దారి చూపిస్తారు. సూంజా చోయ్, మెలిసా బవర్మన్ 1991లో ప్రచురించిన పరిశోధనలో ఇంగ్లీషు పిల్లల్నీ కొరియన్ పిల్లల్నీ పోల్చారు. కొరియన్‌లో పెన్నుకు క్యాప్ పెట్టినా, పెట్టెలో సరిగ్గా ఇమిడే క్యాసెట్ పెట్టినా 'బిగుతుగా అమర్చడం' అనే అర్థమున్న ఒకే క్రియ. ఇంగ్లీషులో మొదటిది ఆన్, రెండోది ఇన్. రెండేళ్లు నిండకముందే ఎవరి భాష గీసిన గీత ప్రకారం వాళ్లు మాటలు వాడుతున్నారు. వాళ్లకు ఎవరూ అర్థాల పట్టిక ఇవ్వలేదు, వస్తువును చూస్తూ మాటను విన్నారు. పెద్దవాళ్లకు అంత తీరిక ఉండదు, కానీ పసిపిల్లలకు లేనిది ఒకటి మనకుంది: ముందే వచ్చిన ఒక భాష. దాన్ని అర్థాలు రాసుకోవడానికి కాకుండా పోల్చుకోవడానికి వాడుకోవాలి. వంటింట్లో నిలబడి చుట్టూ చూస్తే చాలు. మేకుకు గరిటె ఉంది, తాకి నిలిచింది కాబట్టి ఆన్. డబ్బాలో కందిపప్పు, చుట్టూ మూసుకుంది కాబట్టి ఇన్. పొయ్యి దగ్గర అమ్మ, పొయ్యి ఆమె నిలబడ్డ చోటును గుర్తుపట్టే చుక్క కాబట్టి ఎట్. గోడకు క్యాలెండర్ సంగతి ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక కిటికీ బయట కొబ్బరిచెట్టుకు కాయలున్నాయి, దాని మట్టల మధ్య కాకి ఉంది. ఆ రెండింటికీ రెండు వేర్వేరు మాటలు వాటంతటవే నోటికి వస్తే పాఠం వంటబట్టినట్టే.