నెత్తుటికి అడ్డుకట్ట... మందుల గదిలోనే!

'రోజూ ఏమన్నా గోలీలు ఏసుకుంటున్నవా పెద్దయ్యా?'

'ఏం లేవు బిడ్డా. బీపీకి పొద్దుగాల ఒకటి. గంతే.'

'గుండెకు?'

'ఆ... గుండెకు చిన్న గోలీ. రాత్రి అన్నం తిన్నంక.'

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ కోసం వచ్చిన ఓ రైతుకూ, పుస్తకం పట్టుకుని మంచం పక్కన నిల్చున్న ఫార్మసీ కుర్రాడికీ మధ్య సాగే మాటలివి. వరంగల్ ఆస్పత్రుల్లో ఏ వార్డులోనైనా వినిపించేవే. ఆ 'చిన్న గోలీ' ఆస్పిరిన్ కావచ్చు, క్లోపిడోగ్రెల్ కావచ్చు. రెండూ నెత్తురు గడ్డకట్టకుండా చూసేవే. థియేటర్‌లో ఎంత నెత్తురు పోతుందన్నది ఆ ఒక్క జవాబు మీద ఆధారపడొచ్చు.

ఆపరేషన్‌లో నెత్తురు ఆపేది ఎవరు? ఇంకెవరు, సర్జనే అంటాం. నిజమే. తెగిన రక్తనాళాన్ని ఆయన దారంతో కడతారు, చిన్నవాటిని కరెంటు పరికరంతో మాడ్చి మూస్తారు. కానీ కంటికి ఆనని సన్న నాళాల నుంచి ఊరే నెత్తురుకు దారం చాలదు. అక్కడ ఒంట్లో గడ్డకట్టే శక్తి పనిచేయాలి. దాన్ని కాపాడే మందులు వేళకు చేతికందాలి. ఆ బాధ్యతలో పెద్ద వాటా ఆస్పత్రి ఫార్మసిస్టుది.

కౌంటర్ దాటి... మంచం దగ్గరికి

ఫార్మసిస్టు అంటే కిటికీ అవతల నిలబడి చీటీ చూసి మందులిచ్చే మనిషి... చాలామందికి తెలిసింది ఇంతే. 2008లో మన దేశంలో ఆరేళ్ల ఫార్మ్-డి కోర్సు మొదలయ్యాక ఆ చిత్రం మారుతోంది. ఐదేళ్లు చదువు, ఆరో ఏడాది ఆస్పత్రిలో శిక్షణ. ఫార్మసీ కళాశాలలకు పేరున్న వరంగల్‌లో ఈ విద్యార్థులు ఎం.జి.ఎం. ఆస్పత్రి వార్డుల్లో కేస్ షీట్లు చదువుతూ, రోగుల్ని పలకరిస్తూ కనిపిస్తారు. ఉమ్మడి వరంగల్ పల్లెల నుంచే కాదు, పక్క జిల్లాల నుంచీ రోగులొచ్చే పెద్దాస్పత్రి అది. అక్కడ ఓపిగ్గా అడిగి రాసుకున్న మందుల జాబితా, సర్జన్‌కూ మత్తు డాక్టర్‌కూ దారిదీపం.

ఆస్పిరిన్ ప్రభావం వారం నుంచి పది రోజులుంటుంది. క్లోపిడోగ్రెల్‌ను మామూలుగా ఐదు రోజుల ముందు ఆపుతారు. గుండె కవాటం మార్చినవాళ్లు వాడే వార్ఫరిన్‌నూ దాదాపు అంతే ముందు ఆపి, రక్తపరీక్ష చేసి చూస్తారు. తొందరైతే విటమిన్-కె ఇస్తారు. అలాగని ఎవరికి వాళ్లు మానేస్తే ముప్పే! గుండెకు స్టెంట్ వేసినవాళ్లు మాత్ర ఆపితే అది పూడుకుపోవచ్చు. ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో తేల్చాల్సింది డాక్టర్లే.

జపాన్ అమ్మ కనిపెట్టిన మందు

గట్టు తెగితే మట్టి పోసి పూడుస్తాం. కానీ పోసిన మట్టిని నీళ్లు కోసుకుపోతుంటే? ఒంట్లోనూ అంతే. గాయం దగ్గర నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డను కరిగించే ఏర్పాటూ ఒంట్లోనే ఉంది. పెద్ద గాయమైనప్పుడు ఈ కరిగించే పని మితిమీరితే నెత్తురు ఆగదు. దాన్ని అడ్డుకునేదే ట్రనెక్సామిక్ యాసిడ్.

దీన్ని కనిపెట్టింది జపాన్ దంపతులు ఉతాకో ఒకమోతో, షొసుకె ఒకమోతో. 1962లో ప్రకటించారు. పిల్లను చూసుకునే దిక్కులేక, బిడ్డను వీపున కట్టుకునే ఉతాకో ప్రయోగశాలలో పనిచేశారు. కాన్పులో నెత్తురుపోయి ఏ తల్లీ చనిపోకూడదన్నది ఆమె ఆశ. 20,060 మంది బాలింతలపై జరిగిన పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. మందు త్వరగా ఇస్తే నెత్తురు పోయి చనిపోయేవాళ్లు తగ్గుతారని తేలింది. ఆ మాట వినడానికి ఉతాకో లేరు. ఏడాది ముందే, 98వ ఏట కన్నుమూశారు.

ప్రమాదాల్లో గాయపడిన 20,211 మందిపై భారత్ సహా 40 దేశాల్లో జరిగిన పరిశోధన 2010లో వెలువడింది. గాయమైన మూడు గంటల్లోపు ఇస్తేనే మేలని ఆ తర్వాత విశ్లేషణలో స్పష్టమైంది. ఇక గుండెవి కాకుండా ఇతర పెద్ద ఆపరేషన్లు చేయించుకున్న 9,535 మందిని చూస్తే... ఈ మందు ఇచ్చినవాళ్లలో 9.1 శాతం మందికే తీవ్ర రక్తస్రావమైంది. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో అది 11.7 శాతం. ఇది 2022 నాటి మాట. మందు ఉంటే చాలదు, వేళకు థియేటర్‌లో ఉండాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి. ఆ లెక్కలో ఫార్మసిస్టు సాయం కావాలి.

పక్కపక్కనే పెడితే...

ప్రాణం పోసే ఈ మందే ప్రాణం తీయగలదు. నడుము దగ్గర వెన్నులో ఇచ్చే మత్తుమందు బ్యుపివకైన్ ఉంది కదా... కొన్ని కంపెనీల గాజు ఆంప్యూల్స్ చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. హడావుడిలో ఒకటనుకుని ఇంకోటి వెన్నులోకి ఎక్కిస్తే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. బయటపడిన ఇలాంటి కేసుల్లో దాదాపు సగంమంది చనిపోయారు. అందుకే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాల్నీ హెచ్చరించింది.

విరుగుడు ఖరీదైనదేం కాదు. రెండింటినీ ఒకే ట్రేలో ఉంచకూడదు. 'నరంలోకి మాత్రమే' అని పెద్దక్షరాలతో చీటీ అంటించాలి. ఆంప్యూల్ మీది పేరు పైకి కనిపించేలా పెట్టాలి. అంతే!

ఫ్రిజ్ కథా తక్కువేం కాదు. సిజేరియన్ తర్వాత గర్భసంచి ముడుచుకుని నెత్తురు ఆగడానికి ఇచ్చే ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఎండలు నలభై దాటే వరంగల్ వేసవిలో ఆ ఇంజెక్షన్ బల్ల మీదే ఉండిపోతే బలం తగ్గిపోతుంది. అవసరానికి ఇచ్చినా పనిచేయదు.

మీరు చేయాల్సిందీ ఉంది

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఖాయమైతే... వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. గోలీలే కాదు, నొప్పులకు మెడికల్ షాపులో కొన్నవీ, ఆయుర్వేదం చూర్ణాలూ, అన్నీ. పన్ను పీకించుకున్నప్పుడో, కాన్పులోనో నెత్తురు చాలాసేపు ఆగకపోతే అదీ చెప్పండి. ఎందుకీ ప్రశ్నలని విసుక్కోకండి.

పెద్దయ్య 'చిన్న గోలీ' అని తేలిగ్గా అన్నాడు. పక్కనున్న కుర్రాడు మాత్రం దాన్ని పెద్దక్షరాలతో రాసుకున్నాడు.