మురుగు సెస్: ఎవరు నిర్ణయిస్తున్నారు, ఎవరు భరిస్తున్నారు?

మురుగునీటి ఛార్జీల మీద చర్చ వచ్చినప్పుడల్లా పత్రికలు 'వినియోగదారుడిపై భారం' అని రాస్తాయి. భారం ఉన్నమాట నిజమే. కానీ ఆ మాటలో మ్యాన్‌హోల్‌లోకి దిగే మనిషి కనిపించడు. అతనిది ఏ కులమో వేరే చెప్పక్కర్లేదు. కోస్తాలో రెల్లి, హైదరాబాద్‌లో మెహతర్, చాలాచోట్ల మాదిగ, మాల. అందుకే ఈ ఛార్జీల లెక్కని కింది నుంచి, అంటే కాలువ అడుగు నుంచి విప్పి చూడాలనుకుంటున్నాం. హైదరాబాద్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

ముందు, నిర్ణయం చేసేదెవరో చూద్దాం. 1992లో పార్లమెంటు ఆమోదించి, 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలును చేర్చింది. నీటి సరఫరా, పారిశుద్ధ్యం పురపాలక సంస్థలకు అప్పగించదగిన పనుల జాబితాలో ఉన్నాయి. హైదరాబాద్‌లో మాత్రం అంతకుముందే, 1989లో, ప్రత్యేక చట్టంతో మంచినీటి సరఫరా, మురుగునీటి మండలి ఏర్పడింది. జనం నోట అది వాటర్ బోర్డు. దానికి ముఖ్యమంత్రి అధ్యక్షుడు. అంటే బస్తీవాళ్లు ఓటేసి గెలిపించిన కార్పొరేటర్‌కి మురుగు ఛార్జీ మీద అధికారం లేదు. ఎన్నికైనవాళ్లని నిలదీసే అవకాశం ఎక్కడ తగ్గితే, అక్కడ మొదట వినబడకుండా పోయేది మన గొంతే.

రెండోది, లెక్క ఎలా కడతారు? మురుగుకి వేరే మీటరుండదు. వాటర్ బోర్డు లైను ఉన్నచోట నీటి ఛార్జీ మీద 35 శాతం మురుగు సెస్‌గా వేసే పద్ధతి పెట్టారు. నీళ్ల ఛార్జీ 100 రూపాయలైతే సెస్ 35 రూపాయలు. ఎక్కువ నీళ్లు వాడినవాడు ఎక్కువ మురుగు వదులుతాడు కాబట్టి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఈ 35కీ, లైను బాగుచేయడానికయ్యే అసలు ఖర్చుకీ నేరుగా ముడి లేదు. 2020 డిసెంబరు నుంచి ఇళ్లకు నెలకు 20 కిలోలీటర్ల ఉచిత నీటి పథకం మొదలుపెట్టారు. పేదలకు ఇది మేలే, దాన్ని మేము కాదనం. అయితే నీటి ఛార్జీ లేనిచోట దానిమీద వేసే శాతానికీ ఆధారముండదు. ఆ లోటును ప్రభుత్వ ఖజానా పూడ్చాలి. పూడ్చకపోతే కోత ఎక్కడ పడుతుంది? కరెంటు బిల్లు ఆపలేరు, పంపులు ఆపలేరు. తేలిగ్గా తగ్గేది కాంట్రాక్టు కూలివాడి ఖర్చు, అతని రక్షణ ఖర్చు.

లైనే లేని శివారు కాలనీల కథ వేరు. అక్కడ సెప్టిక్ ట్యాంకు నిండితే ఇంటివాళ్లే డబ్బిచ్చి ట్యాంకర్ని పిలిపించుకోవాలి. చౌక బేరం కుదిరినచోట మిషన్ బదులు మనిషిని దింపుతారు.

ఇలా దింపడం నేరం. పాకీ పనిని నిషేధించిన మొదటి చట్టం 1993లో వచ్చింది. 2013 చట్టం మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల ప్రమాదకర శుభ్రతని కూడా నిషేధించింది. మొదటిసారి నేరానికి రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా. స్థానిక సంస్థలు ఆధునిక యంత్రాలు వాడాలని అదే చట్టం 33వ సెక్షన్ చెప్తుంది. అంటే యంత్రం కొనడం దయ కాదు, చట్టబద్ధమైన బాధ్యత.

అయినా 2016 ఆగస్టులో మాదాపూర్‌లో మ్యాన్‌హోల్ నలుగుర్ని మింగింది. 2017లో వాటర్ బోర్డు దళిత పారిశ్రామికుల చాంబర్ సహకారంతో 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు దింపింది. ఇరుకు గల్లీల్లోకి కూడా పోగలిగే ఈ యంత్రాలకు యజమానులు దళితులే కావడం మంచి మార్పు. కానీ 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో మరో ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు మ్యాన్‌హోల్‌లో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నారు. యంత్రాలుంటే చాలదు, ప్రతి సబ్‌కాంట్రాక్టులోనూ మనిషిని దింపకూడదన్న షరతు నిజంగా అమలవ్వాలని దీన్నిబట్టి అర్థమౌతుంది.

చనిపోయాక ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలుగా, 2023 అక్టోబరులో 30 లక్షలుగా నిర్ణయించింది. ఇది కుటుంబం హక్కు. కానీ పరిహారం ఏ ఛార్జీల పట్టికలోనూ ముందుగా కనిపించదు. సేవ చౌకగా ఉందంటే, తేడా ఎవరో కట్టారనే అర్థం. ఇన్నాళ్లూ దాన్ని దళితులు ప్రాణాలతో కట్టారు.

కాబట్టి ఛార్జీలు పెంచొద్దని మాత్రమే అడిగితే సగం మాటే అడిగినట్టు. మేమనేది ఇది: బస్తీలకు మినహాయింపు ఉండాలి, ఎక్కువ వాడే హోటళ్లూ, కంపెనీలూ, పెద్ద అపార్టుమెంట్లూ అసలు ఖర్చు భరించాలి. వసూలైన సెస్‌లో యంత్రాలకెంత, రక్షణ సామగ్రికెంత, కార్మికుల జీతాలకెంత అన్నది వార్డువారీగా బయట పెట్టాలి. కాంట్రాక్టు కార్మికుల్ని పర్మనెంట్ చేయాలి. ఛార్జీల మీద నిర్ణయం తీసుకునే బల్ల దగ్గర సఫాయి కార్మికుల ప్రతినిధి కూర్చోవాలి. ఆ బిల్లులో తన ప్రాణం లెక్కేమిటని అడిగే హక్కు అందరికన్నా ముందు అతనికుంది.